ఎముకలకు వేసే సూదుల్లో ఏది మేలు? దవడ దగ్గరికొచ్చేసరికి లెక్క ఎందుకు మారుతుంది?

రొమ్ము క్యాన్సరో, ప్రోస్టేట్ క్యాన్సరో ఎముకలకు పాకిందని తేలాక డాక్టరు మామూలుగా రెండు మందుల్లో ఒకటి రాస్తారు. ఒకటి జోలెడ్రోనిక్ యాసిడ్, సెలైన్లో కలిపి నరానికి ఎక్కించేది. రెండోది డెనోసుమాబ్, పొట్ట మీదో జబ్బకో తొడకో చర్మం కింద వేసే సూది. ఒంగోలు, కావలి, నెల్లూరు స్టేషన్లలో పినాకిని ఎక్కి చెన్నైకి చికిత్సకు పోయేవాళ్ళు ఈ రెండిటి గురించి తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "దేంతో దవడ చెడకుండా ఉంటుంది?"

రెండిటితోనూ చెడొచ్చు. ఈ రెండు మందుల్నీ ఎదురెదురుగా పెట్టి చూసిన మూడు పెద్ద పరీక్షల ఫలితాలు కలిపితే 5,700 మందికి పైగా రోగులున్నారు. దవడ ఎముక చచ్చుపడింది జోలెడ్రోనిక్ వాడినవాళ్ళలో 1.3 శాతం మందికి, డెనోసుమాబ్ వాడినవాళ్ళలో 1.8 శాతం మందికి. రెండు వందల మందిని తీసుకుంటే ఒక్క మనిషి తేడా. ఆ తేడా చూసి మందును ఎంచుకోవడం తెలివైన పని కాదు. అదే లెక్కలో ఇంకో అంకె ఉంది, చూడాల్సింది దాన్ని: దవడ చెడినవాళ్ళలో 60 శాతానికి పైగా అంతకుముందు పన్ను పీకించుకున్నవాళ్ళే.

పన్ను పీకితే ఏమవుతుంది?

మన ఎముకలో ఒక రకం కణాలు పాతదాన్ని కొరికి తీసేస్తుంటాయి, ఇంకో రకం కణాలు ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. క్యాన్సర్ ఎముకలో చేరితే కొరికే కణాలను రెచ్చగొడుతుంది. అప్పుడు వెన్నుపూసలు కూలతాయి, తుంటి ఎముక చిన్న దెబ్బకే విరుగుతుంది. జోలెడ్రోనిక్ ఎముకకు అంటుకుని కూర్చుంటుంది, దాన్ని కొరికిన కణం చస్తుంది. డెనోసుమాబ్ ఆ కణాలను పుట్టించే సంకేతాన్నే ఆపేస్తుంది. దారి ఏదైనా కొరకడం ఆగిపోతుంది, కావాల్సిందీ అదే.

ఇబ్బందల్లా పన్ను పీకిన గుంట మానాలంటే అంచుల్లో నలిగిన ఎముకను ముందు కొరికి తీసేయాలి. ఆ పని చేసే కణాలు లేవు. పైగా దవడ ఎముకలో ఈ మార్పిడి మిగతా ఎముకల కంటే జోరుగా సాగుతుంది, దాని మీద కప్పు పలచని చిగురు ఒక్కటే, పంటి వేళ్ళ చుట్టూ ఎప్పుడూ సూక్ష్మజీవులుంటాయి. గుంట పూడక ఎముక బయటపడుతుంది, దానికి చీము పడుతుంది. నాలుగింట మూడు వంతులు కింది దవడకే వస్తుంది. 19వ శతాబ్దంలో అగ్గిపుల్లల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం ఆవిరి పీల్చిన కూలీల దవడలు కూడా ఇట్టాగే కుళ్ళిపోయేవి. ఈ మందులతోనూ అలాంటిదే వస్తోందని 2003లో రాబర్ట్ మార్క్స్ అనే దవడ సర్జన్ బయటపెట్టారు.

ఇప్పుడు దీన్ని గుర్తించడానికి మూడు లక్షణాలు చూస్తారు. ఈ మందులు వాడుతూ ఉండటమో, ఇదివరకు వాడి ఉండటమో మొదటిది. ఎముక బయటికి కనిపించడమో, చిగురులో రంధ్రం గుండా సన్నటి పరికరానికి తగలడమో, అదీ 8 వారాలకు పైగా ఉండటం రెండోది. దవడకు రేడియేషన్ ఇచ్చి ఉండకపోవడం మూడోది. నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నవాళ్ళకు వచ్చే దవడ కుళ్ళు వేరే జబ్బు, దాని వైద్యమూ వేరే.

రెండు సూదులు, పక్కపక్కన

మందును ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది కిడ్నీలను. జోలెడ్రోనిక్ మామూలు మోతాదు 4 మిల్లీగ్రాములు. అది కిడ్నీ వడకట్టే శక్తి, అంటే క్రియాటినిన్ క్లియరెన్స్, 60 దాటినవాళ్ళకే. 50 నుంచి 60 ఉంటే 3.5కు, 40 నుంచి 49 ఉంటే 3.3కు, 30 నుంచి 39 ఉంటే 3కు తగ్గిస్తారు. 30 కంటే తక్కువుంటే ఇవ్వరు. అందుకే ప్రతి డోసుకూ ముందు క్రియాటినిన్ పరీక్ష. 100 మి.లీ. సెలైన్లో కలిపి కనీసం 15 నిమిషాలు ఎక్కించాలి. "బస్సుకు టైమైపోతోంది, కాస్త స్పీడు పెంచమ్మా" అని నర్సును అడగొద్దు, 15 నిమిషాల కంటే త్వరగా ఎక్కితే దెబ్బ పడేది కిడ్నీకే. క్యాల్షియం ఉండే రింగర్ లాక్టేట్ బాటిల్లో దీన్ని కలపకూడదు. ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ బిళ్ళలు కొని మింగే అలవాటు ఈ మందు వాడుతున్నన్నాళ్ళు మానాలి. వేసవిలో నీళ్ళు సరిగ్గా తాగకుండా వచ్చి ఎక్కించుకోవడమూ అంతే చెడు.

డెనోసుమాబ్‌కు కిడ్నీ లెక్కతో మోతాదు మార్చే పని లేదు. 120 మిల్లీగ్రాములు, 4 వారాలకు ఒకసారి, సూది వేయడం నిమిషంలో అయిపోతుంది. మైలోమాలో, అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రకం రక్త క్యాన్సర్లో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు దీని వైపే మొగ్గు. అయితే కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలోనే దీంతో రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. పరీక్షల్లో క్యాల్షియం పడిపోయింది డెనోసుమాబ్‌తో 9.6 శాతానికి, జోలెడ్రోనిక్‌తో 5 శాతానికి. పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి, పిక్కలు పట్టేయడం దీని గుర్తులు. అవి కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. రెండిటిలో ఏది వాడినా రోజూ క్యాల్షియం, విటమిన్ డి బిళ్ళలు వేసుకోవాల్సిందే. రాగి సంగటి మంచిదే, కానీ అది బిళ్ళలకు బదులు కాదు.

జోలెడ్రోనిక్ మొదటి డోసు తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావడం మామూలు. ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇట్టాంటివి వచ్చాయి. డెనోసుమాబ్‌తో వందలో తొమ్మిది మందికి లోపే. ఈ జ్వరానికి పారాసిటమాల్ చాలు.

ఎముకలు కాపాడటంలో డెనోసుమాబ్‌ది కాస్త పైచేయి. ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్షలో ఎముక విరగడం, రేడియేషన్ అవసరం పడటం లాంటి మొదటి దెబ్బ తగిలేదాకా గడిచిన కాలం డెనోసుమాబ్‌తో 20.7 నెలలు, జోలెడ్రోనిక్‌తో 17.1 నెలలు. బతికిన కాలంలో మాత్రం తేడా రాలేదు. ధర సంగతి చెప్పక్కర్లేదు, జోలెడ్రోనిక్ చాలా చవక. డెనోసుమాబ్‌కు మన దేశంలోనే తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన చవక రకాలు, వచ్చి ధర దిగినా ఇంకా ఖరీదే. పైగా దాన్ని 2 నుంచి 8 డిగ్రీల్లో ఫ్రిజ్‌లో ఉంచాలి. రోహిణి కార్తె ఎండలో చెన్నై నుంచి మామూలు సంచిలో తెచ్చిన సూది పనికొస్తుందన్న నమ్మకం లేదు. థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టుకుని, మందు నేరుగా ఐస్‌కు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టి తేవాలి. గడ్డకట్టినా పాడవుతుంది.

ఒక తేడాను చాలామంది పట్టించుకోరు. జోలెడ్రోనిక్ ఎముకలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. డెనోసుమాబ్ ఆపితే నెలల్లోనే దిగిపోతుంది. వినడానికి రెండోదే మేలనిపిస్తుంది. కానీ డెనోసుమాబ్ అర్ధాంతరంగా ఆపితే ఎముక కొరకడం ఒక్కసారిగా ఎగదన్ని ఒకటికి రెండు వెన్నుపూసలు విరగొచ్చు. డబ్బులు కుదరకో, ఊరు దూరమై కుదరకో మధ్యలో మానేసే అవకాశమున్న ఇంట్లో దీన్ని మొదలుపెట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఆపక తప్పకపోతే వెనకే జోలెడ్రోనిక్ ఇవ్వాలా అని డాక్టర్ని అడగాలి. రెండూ ఒకేసారి వాడకూడదు. ఎముకల గుల్లతనానికి ఆరు నెలలకోసారి వేసే 60 మిల్లీగ్రాముల డెనోసుమాబ్, ఏడాదికోసారి ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ వేరు. పెట్టె మీద మోతాదు చూసి కొనాలి.

నాలుగు వారాలకా, పన్నెండు వారాలకా?

ఇక్కడ మాత్రం మాకు సందేహం లేదు. జోలెడ్రోనిక్‌ను 4 వారాలకోసారి ఇస్తే ఎంత పనిచేస్తుందో 12 వారాలకోసారి ఇచ్చినా అంతే పనిచేస్తుందని 2017లో అచ్చయిన, 1,822 మంది రోగులున్న పరీక్ష చూపించింది. రెండేళ్ళలో ఎముక దెబ్బలు వరుసగా 29.5 శాతం, 28.6 శాతం మందికి. దవడ చెడింది నెలనెలా వేసినవాళ్ళలో 2 శాతానికి, మూడు నెలలకోసారి వేసినవాళ్ళలో 1 శాతానికి. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో వచ్చే మనిషికి ఏడాదికి పదమూడు ప్రయాణాల బదులు నాలుగైదు సరిపోతాయి, కిడ్నీ మీదా భారం తగ్గుతుంది. మొదటి నెలల్లో నెలకోసారి ఇచ్చి తర్వాత దూరం పెంచే డాక్టర్లూ ఉన్నారు. డెనోసుమాబ్‌కు ఈ లెక్క అన్వయించకండి, దానికి ఆమోదించిన పద్ధతి 4 వారాలే. అది వాడేకొద్దీ దవడ ప్రమాదం పెరుగుతుంది: మొదటి ఏడు 1.1 శాతం, రెండో ఏడు 3.7, ఆ తర్వాత ఏటా 4.6. రెండేళ్ళు దాటినవాళ్ళు పళ్ళ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

పీకించడమా, రూట్ కెనాలా?

మొదటి డోసుకు ముందు అయితే జవాబు పీకించడమే. నిలబడని పన్ను, వేరు దగ్గర చీము పట్టినది, సగం బయటపడి వాచే జ్ఞానదంతం లాంటివన్నీ రెండు దవడలూ ఒకే పటంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి అప్పుడే తేల్చుకోవాలి. చిగురు పూడటానికి 2 నుంచి 3 వారాలు కావాలి, ఆ తర్వాతే సూది. ఎముక విరిగేలా ఉంటేనో, క్యాల్షియం విపరీతంగా పెరిగితేనో ఆగడం కుదరదు. లేదంటే మూడు వారాల ఆలస్యం వల్ల పెద్దగా పోయేదేమీ లేదు.

మందు మొదలయ్యాక జవాబు తిరగబడుతుంది. పన్ను ఎంత పుచ్చినా నిలబెట్టుకోవడమే మేలు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి. పైభాగం పనికిరాకపోతే చిగురు మట్టానికి కోసేసి, వేరుకు రూట్ కెనాల్ చేసి లోపలే ఉంచేయొచ్చు. అసహ్యంగా ఉంటుందని జనం ఒప్పుకోరు గానీ ఆ మోడే దవడకు కాపలా. రూట్ కెనాల్లో వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూది వేరు కొన దాటి ఎముకలోకి దిగకూడదు, పంటి చుట్టూ తడి చేరకుండా కప్పే రబ్బరు పొరను (రబ్బరు డ్యామ్) బిగించే క్లిప్పు చిగురును కొరకకూడదు. కదిలే పన్నును పక్క పళ్ళకు కట్టి నిలపొచ్చు. పుచ్చుకు సిమెంటు పెట్టించుకోవచ్చు. గార తీయించుకోవచ్చు, తప్పకుండా తీయించుకోవాలి కూడా. గార తీస్తే పళ్ళు కదులుతాయన్నది వట్టిమాట, గార పోగానే అప్పటికే వదులైన పన్ను కదలిక తెలుస్తుంది, అంతే. ఇంప్లాంట్ జోలికి మాత్రం పోవద్దు.

చీము ఆగని పన్ను, అటూ ఇటూ పూర్తిగా ఊగే పన్ను ఉంచితేనూ ఎముక చెడుతుంది. అప్పుడు పీకాల్సిందే. అయితే వీధి చివరి క్లినిక్‌లో కాదు, నోటి సర్జన్ దగ్గర. నెల్లూరులో చింతారెడ్డిపాళెం నారాయణ డెంటల్ కాలేజీ లాంటి చోట ఆ విభాగం ఉంటుంది. ముందు నుంచే యాంటీబయాటిక్, ఎముకను నలపకుండా పీకడం, పదునైన అంచులు నునుపు చేయడం, చిగురు కుట్టి మూయడం, తర్వాత క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత, ఇవన్నీ జరగాలి. పీకే ముందు కొన్నాళ్ళు మందు ఆపితే మేలు జరుగుతుందని గట్టి రుజువు లేదు, డెనోసుమాబ్‌ను సొంతంగా ఆపడం మరీ చెడు.

మన వైపు అలవాట్లు కొన్ని

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు గోధుమరంగు తిరిగినవాళ్ళు ఎక్కువ. ఆ మరక పుచ్చు కాదు, రంగు చూసి పీకించుకోకండి. వేపపుల్లతో చిగురు గీసుకోవడం, ఇటికపొడితో తోమడం, నొప్పి పంటి మీద లవంగ నూనె దూది గంటల తరబడి ఉంచడం మానాలి. చేపల పులుసు మానక్కర్లేదు, సన్న ముళ్ళ చేపల బదులు కొరమీను, వంజరం లాంటివి తింటే చిగురుకు గుచ్చుకునే ముల్లు బాధ తగ్గుతుంది. చుట్ట, బీడీ, గుట్కా ప్రమాదాన్ని పెంచుతాయి. షుగరు అదుపులో లేకపోయినా, స్టెరాయిడ్లు వాడుతున్నా, బెవాసిజుమాబ్ లాంటి కొత్త రక్తనాళాలను అడ్డుకునే మందు తోడైనా అంతే. కట్టుడు పళ్ళ సెట్టు కింది దవడకు లోపలివైపు, నాలుక కింద ఒరుసుకునే చోటే ఎముక ఎక్కువగా బయటపడుతుంది. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి, పుండు పడితే సెట్టు సరిచేయించేదాకా పెట్టుకోకూడదు.

ఎముక కనిపిస్తే

నాలుకకు గరుకుగా తగలడం, చిగురు సందులో తెల్లగానో పసుపుపచ్చగానో గట్టిగా కనిపించడం, కింది పెదవి మొద్దుబారడం మొదటి గుర్తులు. నొప్పి లేకపోవచ్చు. దాన్ని గోటితో గిల్లొద్దు, ఊరి డెంటిస్టుతో గీకించొద్దు. నొప్పి, చీము లేనప్పుడు క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, పేస్టుతో తోముకున్న అరగంటకు పుక్కిలించడం, కనిపెట్టుకుని ఉండటం. చీము పడితే యాంటీబయాటిక్. చచ్చిన ఎముక విడివడితే, దవడ విరిగితే, చర్మం మీదికి రంధ్రం పడితే ఆపరేషన్. తొలి దశలోనే ఆపరేషన్ చేయడం వైపు ఇప్పుడు సర్జన్ల మొగ్గు పెరుగుతోంది. ఎముక పెరగడానికి టెరిపారటైడ్ సూది వేయిద్దామని ఎవరైనా అంటే, క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు అది ఇవ్వకూడదు.

చివరి డోసు వేసి మూడేళ్ళయినా పళ్ళ డాక్టరుకు చెప్పాలి, ముఖ్యంగా జోలెడ్రోనిక్ అయితే. మందు పేరు, మొదటి డోసు తేదీ, చివరి డోసు తేదీ, మొత్తం ఎన్ని అన్నవి ఒక కాగితం మీద రాసి ఆరోగ్య బీమా కార్డుతో కలిపి ఉంచండి. "ఎముకల సూది వేయించుకున్నాం" అంటే ఏ సూదో డెంటిస్టుకు తెలియదు.