ప్లైవుడ్ కోతకు ఏది మేలు: మార్బుల్ కట్టరా, సర్క్యులర్ సానా?

షెల్ఫులు, షూ ర్యాకు, టీవీ యూనిటు లాంటివి ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్ళు డ్రిల్లు కొన్నాక అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేస్తే సరిపోతుంది కదండీ, రెట్టింపు డబ్బు పెట్టి సర్క్యులర్ సా ఎందుకు?" మార్బుల్ కట్టర్ అంటే రాయి, టైలు కోసే చిన్న చేతి మిషను; సర్క్యులర్ సా అంటే గుండ్రటి పళ్ళ బ్లేడుతో చెక్క కోయడానికే చేసిన చేతి మిషను. అడగడంలో తప్పేం లేదు. విజయవాడలో ఇంటీరియర్ పని జరుగుతున్న ఏ ఫ్లాటుకెళ్ళినా మేస్త్రి చేతిలో కనపడేది ఆ నాలుగంగుళాల కట్టరే. ఆయన దాంతోనే వార్డ్‌రోబ్‌లు, కిచెన్ క్యాబినెట్లు దించేస్తుంటే మనకి మాత్రం ఎందుకు చాలదు?

కోత వరకే అయితే చాలుతుంది. 110 మి.మీ. బ్లేడు 30 మి.మీ. మందం దాకా దిగుతుంది. మనం ఇళ్ళలో వాడే ప్లై ఎక్కువగా 18, 19 మి.మీ.లే. బరువు తక్కువ, బ్లేడు చవక. రేపు బాత్రూమ్‌లో టైలు కోయాల్సొస్తే డైమండ్ బ్లేడు మార్చుకుంటే అదే పనికొస్తుంది. కార్బైడ్ పళ్ళున్న కొత్త బ్లేడు వేస్తే మైకా అంటించిన షీటు అంచు కూడా నున్నగానే వస్తుంది.

నేను చూసేది కోత అయిపోయిన తర్వాతి క్షణాలు. స్విచ్ వదిలేశాం, బ్లేడు ఇంకా తిరుగుతోంది. కోసిన ముక్క జారి కింద పడబోతుంది. ఎడమ చెయ్యి చటుక్కున దానికోసం వెళ్తుంది, కుడి చేతిలో ఉన్న కట్టర్ మనకి తెలియకుండానే తొడ దగ్గరికి దిగుతుంది. సర్క్యులర్ సా అయితే ఈపాటికి స్ప్రింగు గార్డు, అంటే దానంతటదే మూసుకునే మూత, బ్లేడు కింది సగాన్ని మూసేసి ఉంటుంది. షీటు అంచుకి ఆనించి తోసినప్పుడు వెనక్కి జరిగే ఆ గార్డు, షీటు దాటగానే టక్కున మూసుకుంటుంది. మార్బుల్ కట్టర్‌కి పైసగం గార్డే ఉంటుంది, కింద పళ్ళు బయటే ఉంటాయి. తొందరపడి నేల మీద పెట్టామంటే ఆ పళ్ళు గచ్చుని పట్టుకుని మిషన్‌ని మన కాళ్ళవైపే తోస్తాయి.

అలా చేసిన కంపెనీవాళ్ళని తప్పుపట్టలేం. అది రాయి కోసం చేసిన మిషను. డైమండ్ బ్లేడుకి పళ్ళుండవు, అది రాతిని అరగదీసుకుంటూ పోతుంది. మనం దానికి పళ్ళ బ్లేడు బిగించి చెక్కలోకి దింపుతాం. కోత మధ్యలో ప్లై కుంగి బ్లేడుని నొక్కితే పళ్ళు చెక్కని కరుచుకుని మిషన్ మొత్తాన్ని వెనక్కి విసురుతాయి. సర్క్యులర్ సా కూడా ఇలాగే విసురుతుంది, కానీ బయటికొచ్చిన బ్లేడు మీద మూత పడుతుంది. పైగా చాలా మార్బుల్ కట్టర్లకి స్విచ్ నొక్కి లాక్ చేసే బటన్ ఉంటుంది. చెయ్యి వదిలినా తిరుగుతూనే ఉండే పళ్ళ బ్లేడు అంటే నాకు టెన్షనే.

వేగం సంగతి కూడా చూడండి. కట్టర్ నిమిషానికి 12,000 చుట్లు, ఆ పైన కూడా తిరుగుతుంది. 185 మి.మీ. బ్లేడు వేసే సర్క్యులర్ సా తిరిగేది 5,000 చుట్ల దరిదాపుల్లో. చెక్క బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. అది మిషన్ వేగం కంటే తక్కువుంటే షాపువాడు ఎంత భరోసా ఇచ్చినా ఆ బ్లేడు తీసుకోవద్దు.

"ఏం కాదు సార్, మా చేతులు చూడండి, పదివేళ్ళూ ఉన్నాయిగా" అంటారు మేస్త్రులు నవ్వుతూ. నిజమే, రోజూ అదే పని చేసే చెయ్యి అది. ఏ ఆదివారమో ఓసారి మిషన్ బయటికి తీసే మనకి ఆ చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? అందుకే డబ్బు తేడా ఎంతున్నా నా ఓటు సర్క్యులర్ సాకే. నేను కొన్నదీ అదే.

కొనేటప్పుడు ప్లగ్ పెట్టకముందే గార్డుని పైకి లాగి వదిలి చూడండి. మందకొడిగా దిగితే వేరే పీసు అడగండి. బేస్ ప్లేటు బ్లేడుకి సమాంతరంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి. మిషన్‌తో పాటు సాధారణంగా ఇచ్చే 24 పళ్ళ బ్లేడు దూలాలకి సరిపోతుంది, ప్లైకి 40 గానీ 60 గానీ పళ్ళున్నది విడిగా కొనుక్కోవాలి. ఇంటికొచ్చాక షీటు కింద నాలుగు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) పరిచి, కోత గీతకి రెండువైపులా ఆసరా ఉండేలా చూసుకోండి. బ్లేడు షీటు కిందికి ఐదారు మి.మీ. దిగితే చాలు. పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పెచ్చులు లేచేది పైవైపున. మంచి మొహం కిందికి పెట్టాలి. సూటిగా రావాలంటే అల్యూమినియం సెక్షన్ ఒకటి సీ-క్లాంపులతో బిగించి దాని వెంట నడిపించడమే. ఎనిమిదడుగుల షీటుని కంటి చూపుతో సూటిగా కోస్తాననే ధీమా వద్దు.

సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్ సా వంపులకి, సింకు కోసం మధ్యలో గుంట తీయడానికి బాగుంటుంది. పొడుగు కోతల్లో దాని బ్లేడు పక్కకి వంగి అంచు ఏటవాలుగా వస్తుంది, కాబట్టి రెండో మిషన్‌గా కొనుక్కోవచ్చు. బల్లకే బ్లేడు బిగించి ఉండే టేబుల్ సా పెట్టుకునే చోటు పటమటలోనో భవానీపురంలోనో అపార్టుమెంటులో ఎవరికుంటుంది? బ్యాటరీతో నడిచే సర్క్యులర్ సా గురించి, అదే కంపెనీ బ్యాటరీ డ్రిల్లు ఇంట్లో ఉంటేనే ఆలోచించండి, లేకపోతే బ్యాటరీకీ చార్జర్‌కీ పెట్టే డబ్బే ఎక్కువవుతుంది. యాంగిల్ గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు వేసే ఆలోచన మాత్రం మానుకోండి.

ఇంట్లో మార్బుల్ కట్టర్ ముందే ఉండి, కోయాల్సింది ఒక్క షీటే అయితే ఇంకో మిషన్ కొనక్కర్లేదు. కొలతలు రాసుకెళ్ళి ప్లైవుడ్ షాపులోనో టింబర్ డిపోలోనో కోసిస్తారేమో అడగండి. ముక్కలు కోసి ఉంటే మిగిలేది స్క్రూలు బిగించడమే, దానికి ఉన్న డ్రిల్లు చాలు.