జీపార్టెడ్‌తో ఆరేళ్లు: పచ్చ టిక్కు నొక్కకముందు, నొక్కాక

సీ డ్రైవ్ నిండిపోయింది, డీలో మాత్రం వందల జీబీలు ఖాళీగా పడి ఉన్నాయి. ఈ బాధ పడినవాళ్లకు మిగతా కథ చెప్పనక్కర్లేదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో డీని కుదిస్తే ఖాళీ స్థలం డీకి కుడివైపున, ఆ చివర తేలుతుంది. సీని పెంచాలంటే అది సీని ఆనుకునే ఉండాలి. అందుకే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ అన్న మాట మసకగా, నొక్కడానికి వీల్లేకుండా కనిపిస్తుంది. డిస్క్‌లోని సీ, డీ వంటి భాగాలను (పార్టిషన్లను) పెంచి, కుదించి, జరిపే ఉచిత సాఫ్ట్‌వేర్ జీపార్టెడ్. నేను దాని దగ్గరికి వచ్చింది ఈ ఒక్క అవసరం కోసమే. ఆరేళ్లయింది, ఇంకా వాడుతున్నాను.

విండోస్‌ను పక్కనపెట్టి కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి తెరవడం (బూట్ చేయడం), మెనూలు ఎక్కడున్నాయో చెప్పడం వంటివి వదిలేస్తాను. నన్ను కట్టిపడేసిన సంగతి ఒక్కటే ఉంది. ఇందులో పార్టిషన్‌ను కుదించడం, పెంచడం, జరపడం, తీసేయడం వంటివేవీ అప్పటికప్పుడు జరగవు. డీ ఎడమ అంచును మౌస్‌తో పట్టి కుడివైపుకు లాగుతాం, సీని పెంచుతాం, ఒక పార్టిషన్‌ను తీసేస్తాం. పై పట్టీలో బొమ్మ మారిపోతుంది, కింద ఒక్కో పనీ ఒక్కో వరుసగా చేరుతుంది, డిస్క్ మీద మాత్రం ఒక్క అక్షరం కూడా కదలదు. నచ్చకపోతే ‘అన్‌డూ’తో ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవచ్చు. అన్నీ సరిచూసుకుని పచ్చ టిక్కు నొక్కినప్పుడే అసలు పని మొదలవుతుంది. ఇల్లు కట్టేముందు నేలమీద ముగ్గుతో గదులు గీసి చూసుకున్నట్టు ఉంటుంది. పార్టిషన్ల మీద చేయి వేయాలంటే భయపడే నాకు ఆ ధైర్యం ఇచ్చింది ఈ ఏర్పాటే.

ఇక ఆ రాత్రి సంగతి. పాత 1 టీబీ హార్డ్‌డిస్క్. సీ 120 జీబీ, దాని పక్కన విండోస్ చెడితే బాగుచేసుకోవడానికి ఉంచే చిన్న రికవరీ పార్టిషన్, ఆ తర్వాత 800 జీబీల డీ. డీలో నిజంగా ఉన్నది 210 జీబీలే. అందులో అమ్మ పాడిన పాటల రికార్డింగులు ఉన్నాయి. ఫొటోలకు వేరే చోట నకలు తీశాను కానీ పాటలకు తీయలేదు. వరుసలో మూడు పనులు పెట్టాను: డీని 150 జీబీ కుదించి కుడికి జరపడం, రికవరీని కుడికి జరపడం, సీని పెంచడం. రెండుసార్లు చదువుకుని టిక్కు నొక్కాను.

ఎన్ని జీబీలు కదిలాయో, ఇంకా ఎంత సమయం పడుతుందో తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. మొదట చూసినప్పుడు ఆరు గంటలు అని ఉంది. 210 జీబీలకు ఆరు గంటలేమిటని ఆశ్చర్యపోయాను. కారణం తర్వాత తెలిసింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను దాచుకునే పద్ధతి) పార్టిషన్‌ను జరిపేటప్పుడు జీపార్టెడ్ ఫైళ్లున్న చోటు, లేని చోటు అని చూడదు. ఖాళీ సెక్టార్లతో (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్లతో) సహా, కుదించాక మిగిలిన 650 జీబీలూ మోస్తుంది. పైగా చదవాల్సిందీ రాయాల్సిందీ ఒకే డిస్క్ కాబట్టి దాని చదివే, రాసే హెడ్డు అటూ ఇటూ పరుగులు తీస్తూనే ఉంటుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ చప్పుడు వినిపిస్తుంది.

నాలుగో గంట దాటాక ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. డిస్క్ చదవడంలో లోపం. కింద మూడు బటన్లు: రిట్రై, ఇగ్నోర్, క్యాన్సిల్. రిట్రై రెండుసార్లు నొక్కాను, మళ్లీ అదే పెట్టె. ఇగ్నోర్ అంటే ఆ సెక్టార్‌లో ఉన్నదాన్ని వదులుకోవడమే. అక్కడున్నది ఏ ఫైలో నాకెలా తెలుస్తుంది? సగం డీ కొత్త చోట, సగం పాత చోట ఉన్న ఆ స్థితిలో క్యాన్సిల్ మీద వేలు పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

చివరికి నొక్కాను. అప్పుడు నేను ఊహించని పని చేసింది. చివరి మార్పును వెనక్కి తిప్పుతున్నానని చెప్పి, అప్పటిదాకా మోసినదంతా తిరిగి పాత చోటికి మోయడం మొదలుపెట్టింది. మరో నాలుగు గంటలు. తెల్లవారాక విండోస్ తెరిచి చూస్తే డీలోని ఫైళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మొదట తెరిచింది పాటల ఫోల్డరే. అన్నీ పలికాయి. సీ మాత్రం అదే 120 జీబీ. ఆ డిస్క్‌ను నెలలోపే మార్చేశాను.

ఆ రోజు నుంచి ఈ సాఫ్ట్‌వేర్ మీద అభిమానం పెరిగింది, ముందున్న నిశ్చింత కాస్త తగ్గింది. వరుసలో పెట్టుకునే సౌకర్యం కాపాడేది టిక్కుకు ముందే. టిక్కు తర్వాత, అదీ పార్టిషన్‌ను జరుపుతుండగా, వెనక్కి తిప్పే ఆ పని కూడా కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపే. మధ్యలో కరెంటు పోయి ఉంటే పాత చోటూ కొత్త చోటూ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి కాబట్టి ఎక్కడా పూర్తి డీ మిగిలేది కాదు. ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పట్టిక చెరిగిపోతే, దాన్ని టెస్ట్‌డిస్క్ వంటి సాఫ్ట్‌వేర్లు తిరిగి నిలబెట్టగలవు కానీ, సగం జరిగిన సమాచారాన్ని అతికించలేవు.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చాను. ముందు పార్టిషన్‌ను లోపలున్న ఫైళ్లకు సరిపోయేంత వరకు కుదిస్తాను, ఆ తర్వాత జరుపుతాను, ఆపైన పెంచుతాను. మొన్నామధ్య 500 జీబీల పార్టిషన్‌ను 100కు కుదించి జరిపితే గంటలో అయిపోయింది. ఇక్కడే ఒక చిక్కుంది. ఈ మూడింటినీ ఒకేసారి వరుసలో పెట్టకూడదు. ఒకే పార్టిషన్ మీద వెంటవెంటనే పెట్టిన మార్పులను జీపార్టెడ్ కలిపేసి ఒకే పనిగా మార్చేస్తుంది, మళ్లీ మొత్తం మోయడమే. ఒక్కో మెట్టుకూ విడిగా టిక్కు నొక్కాలి. నాకు అంత ఇష్టమైన వరుసే ఇక్కడ అడ్డు తగలడం కాస్త నొప్పిగానే ఉంది.

రెండు పార్టిషన్లను ఫైళ్లతో సహా ఒకటిగా కలిపే బటన్ ఇందులో లేదు. ఒకదానిలోని ఫైళ్లను వేరే చోటికి తీసి, దాన్ని చెరిపి, పక్కదాన్ని పెంచుకోవాలి. డబ్బు తీసుకుని కలిపిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడి చూశాను. రెండోదాని ఫైళ్లను మొదటిదానిలో ఒక ఫోల్డర్‌గా పెట్టింది, అంతే. ఆ మాత్రం నేనే చేసుకోగలను.

సీ, డీ అన్న పేర్లు ఇక్కడ కనిపించవు. ఎస్‌డీఏ3, ఎస్‌డీఏ4 అని ఉంటాయి. అందుకని ముందే విండోస్‌లో ఒక్కోదానికీ లేబుల్ పెట్టుకుంటాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే పార్టిషన్ పక్కన హెచ్చరిక గుర్తు పడి సైజు మార్చనివ్వదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేస్తే ఆ ఇబ్బంది ఉండదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉన్నదాన్ని ముందుగా విప్పుకోవాల్సిందే. పని పూర్తయ్యాక విండోస్ మొదటిసారి తెరుచుకునేటప్పుడు డిస్క్ తనిఖీ చేస్తానంటే అడ్డుపడకండి.

ఇది వాడమంటారా అని అడిగితే, నాకైతే సరిపోయింది. మా ఇంట్లో ఉన్నవి రెండు కంప్యూటర్లు, పార్టిషన్ల జోలికి వెళ్లేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఇప్పుడు ప్రతి ఫైలుకూ బయటి డిస్క్‌లో నకలు ఉంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేనివాళ్లు, పాత డిస్క్ వాడుతున్నవాళ్లు నాలాగే మొదలుపెట్టాలని చెప్పలేను. డీని జరపకుండా, సీలోని పెద్ద ఫోల్డర్లను డీలోకి సర్దుకుని సీని ఖాళీ చేసుకోగలిగితే వాళ్లకు అదే నయం. నేను మాత్రం అమ్మ పాటలను మరో రెండు చోట్ల దాచాకే, పొద్దున్నే, రోజంతా ఇంట్లో ఉండే రోజున ఆ పచ్చ టిక్కు నొక్కుతున్నాను.