ఫ్లూ టీకా: వానలకు ముందా, చలికి ముందా?

"అమెరికాలో ఉన్న అబ్బాయి అక్టోబర్‌లో వేయించుకోమంటాడు, ఇక్కడి డాక్టరుగారేమో మే నెలలోనే కానిచ్చేయమంటారు. ఎవరి మాట వినాలండీ?" ఏటా వేసవిలో నన్ను అడిగే ప్రశ్న ఇది. ఈసారి మా ఇంట్లోనే వచ్చిపడింది. అమ్మకి 68 ఏళ్లు, షుగరుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడిది అక్టోబర్ పాట.

వాడున్న చోట ఫ్లూ చలికాలపు జబ్బు, కాబట్టి అక్కడికి ఆ నెల సరైనదే. మన దేశంలో మాత్రం ఏడాదికి రెండు విడతలు: జనవరి–మార్చి మధ్య ఒకటి, వానల్లో మొదలై అవి వెనకబట్టే దాకా సాగేది ఇంకొకటి. ఏళ్ల తరబడి గొంతు, ముక్కు నమూనాలు పరీక్షించి చూస్తే శ్రీనగర్‌లో చలికీ, ఢిల్లీ, పుణె, కోల్‌కతాల్లో వానలకీ, చెన్నైలో అక్టోబర్–నవంబర్ వానలకీ కేసులు పెరిగాయి. మనకి వానే గుర్తు. నెల్లూరు వైపు వాళ్లకి చెన్నై లెక్క దగ్గరేమోనని నా అనుమానం.

టీకా పనిచేయడం మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. అందుకే నా ఓటు మే–జూన్‌కి.

అక్టోబర్ వాదన తీసిపారేసేదేం కాదు. 2015 జనవరి–ఫిబ్రవరిలో తెలంగాణను స్వైన్‌ఫ్లూ ఎంత భయపెట్టిందో హైదరాబాద్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2023లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటింటా దగ్గే, అది హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్ రకం. మేలో వేసిన టీకా అప్పటికి కొంత నీరసిస్తుంది, నిజమే. కానీ ఫిబ్రవరి కోసం ఆగుతూ ముందే వచ్చే ఆగస్టును వదిలేయడం నాకు నచ్చలేదు. మే తప్పిపోయినవాళ్లు మాత్రం మళ్లీ మే దాకా ఆగకుండా అక్టోబర్‌లో తీసుకోవాలి.

నెల కుదిరాక పెట్టె చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో ఉండాల్సిన వైరస్ రకాలు ఎంపిక చేస్తుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. వేసవిలో మనకి దొరికే వాటిలో తాజాది 'సదరన్ హెమిస్ఫియర్' అని రాసి ఉన్నది. మందుల షాపతను ఫ్రిజ్‌లోంచి తీసిచ్చిన పెట్టె మీద నిరుటి 'నార్తర్న్' అని ఉంది, గడువు ఇంకో నెలే. "డేట్ ఉందిగా మేడమ్" అన్నాడు. వద్దని వచ్చేశాను. రెండ్రోజుల్లో కొత్తది తెప్పించాడు.

మూడు రకాలదా, నాలుగు రకాలదా అని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఆ నాలుగో వైరస్ రకం, బి/యమగాట, 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించినట్టు నిర్ధారణ కాలేదు. ముక్కులో కొట్టే స్ప్రే గర్భిణులకీ, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకీ పనికిరాదు, పెద్దవాళ్లకి ఇంజక్షనే. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆరు నెలలు నిండాకే. ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు, కాబట్టి ఖర్చు మనదే.

జూన్ మొదటి వారంలో అమ్మకి వేయించాను. ఒకరోజు చెయ్యి నొప్పంది, అంతే. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. డిసెంబర్‌లో అమ్మ వాడి దగ్గరికి వెళ్లాలి. వెళ్లే ముందు అక్కడి సీజన్ టీకా కూడా వేయించాలా అని డాక్టరుగారిని అడగాలి.