పులికాటా, మహాబలిపురమా? తిరుపతి నుంచి ఒక్కరోజు తీరం డ్రైవ్

పొద్దున్నే కారు తీసి రాత్రికి ఇల్లు చేరాలి, సముద్రం చూడాలి, పాత రేవు ఊళ్లూ చూడాలి. ఇలా అడిగేవాళ్లకు తిరుపతి నుంచి తేలే దారులు రెండు: సూళ్లూరుపేట మీదుగా పులికాట్, లేదంటే మహాబలిపురం, అక్కణ్నుంచి సద్రాస్.

చూడాల్సినవాటి లెక్కన మహాబలిపురానిదే పైచేయి, అందులో వాదన లేదు. దక్షిణాన కల్పాక్కం పక్కనే సద్రాస్‌లో డచ్చివాళ్ల కోట, లోపల వాళ్ల సమాధులు. ఇబ్బందల్లా దూరం. పుత్తూరు, తిరుత్తణి, కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా వెళ్లడానికే మూడున్నర గంటలకు పైన పడుతుంది. రావడానికీ అంతే. పైగా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పేరుకే తీరం రోడ్డు. సరుగుడు తోటలు, రిసార్టు గోడలే ఎక్కువ. మరక్కాణం ఉప్పుమడుల దాకా పోతే తప్ప నీళ్లు పెద్దగా కనబడవు.

అడుగుతున్నది డ్రైవ్ గురించి కాబట్టి, కారు అద్దంలోంచి నీళ్లు ఎంతసేపు కనిపిస్తాయన్నదే నా లెక్కలో అసలు సంగతి. అక్కడే పులికాట్ గెలుస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు రెండువైపులా పులికాట్ సరస్సే. తెల్లవారి ఐదుకు బయల్దేరితే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా ఏడులోపు సూళ్లూరుపేటలో ఉంటారు. చెంగాళమ్మ గుడికి తలుపులు మూయరు కనుక దర్శనానికి వేళ చూసుకోనక్కర్లేదు. రోడ్డు తూర్పుకు పోతుంది, వెళ్లేటప్పుడు ఎండ కళ్లలోనే పడుతుంది. ఫొటోలూ పక్షులూ వచ్చేటప్పుడు పెట్టుకోండి. రాజహంసలు దూరంగా మేస్తుంటాయి, బైనాక్యులర్ లేకపోతే గులాబీ చారలే కనిపిస్తాయి. ఇస్రో రాకెట్ కేంద్రం షార్ గేటు దాటి పాస్ లేకుండా పంపరు, అక్కణ్నుంచి వెనక్కి తిరగడమే. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ రోడ్డు జోలికి పోకండి.

అక్కణ్నుంచి తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా పులికాట్ ఊరు గంటన్నర. తమిళులు పళవేర్కాడు అంటారు. 1613లో డచ్చివాళ్లు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టి, 1690లో నాగపట్నం మారేదాకా కోరమండల్ తీరం వ్యాపారమంతా ఇక్కణ్నుంచే నడిపారు. కోట పేరుతో వెతికితే ముళ్లపొదలే దొరుకుతాయి, నేరుగా డచ్చి సమాధుల తోటకే వెళ్లండి. వాకిలికి రెండువైపులా రాతి అస్థిపంజరాలు. లోపల పలకల మీద డచ్చి అక్షరాలు ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తెలిసేంత స్పష్టంగా ఉన్నాయి. చిన్న మసీదులో నీడగడియారం కూడా ఉంది. పడవవాళ్లు పిలుస్తారు, ఎక్కకండి. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడే పడవ మునిగి 22 మంది పోయారు.

వచ్చేటప్పుడు మళ్లీ సూళ్లూరుపేట చుట్టు అక్కర్లేదు. పెరియపాళయం, ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు దారి దగ్గర. కాకపోతే నాగలాపురం వైపు ఇరుకు రోడ్డు, హెడ్‌లైట్లు లేని ట్రాక్టర్లు; చీకటి పడకముందే అది దాటేలా నాలుగింటికల్లా పులికాట్ వదలండి.

ఇదంతా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెల్లే మాట. ఈశాన్య రుతుపవనాల వానకు నిండే సరస్సు ఏప్రిల్ తర్వాత చాలాచోట్ల ఎండి, ఉప్పు పేరుకున్న బురదే మిగులుతుంది. అప్పుడైతే మహాబలిపురమే నయం. చిత్తూరువాళ్లకూ అంతే: రాణిపేట దగ్గర హైవే ఎక్కితే కాంచీపురం దాకా సాఫీగా పోవచ్చు, వాళ్లకు పులికాటే చుట్టు.

మూడోది దుగరాజపట్నం, తూపిలిపాళెం. మన జిల్లాలోనే, నాయుడుపేట నుంచి వాకాడు మీదుగా. ఇంగ్లీషువాళ్లు మద్రాసుకు మారకముందు ఆర్మగాన్ పేరుతో ఉన్న రేవు ఇదే. మద్రాసులో వాళ్లకు చోటిచ్చింది కాళహస్తి పాలకులు దామర్లవారే కాబట్టి చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు సరదా, చూడ్డానికి మాత్రం పెద్దగా ఏమీ మిగల్లేదు. బీచ్‌లో కారు ఇసుకలోకి దించకండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం ఇంకా లోతుకు పోతుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, ముందు చక్రాల కింద కాలిమ్యాట్లు వేసి, మెల్లగా వెనక్కి తీయాలి. మళ్లీ గాలి కొట్టుకోకుండా హైవే ఎక్కకూడదు.

సొంత కారైతే తమిళనాడులోకి పర్మిట్ గొడవ లేదు. టాక్సీ మాట్లాడుకుంటే ఆల్ ఇండియా పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే బోర్డరు పన్ను మీ బిల్లులో కలుస్తుంది. పెట్రోలు అటువైపు చవక, ఇక్కడ సగం ట్యాంకు చాలు.