కొత్తపట్నం దారిలో కల్లుపాక: చెట్టెక్కినాయనే ముంతలో పోసే చోటు

ఒంగోలు చుట్టుపక్కల తాటికల్లు ఎక్కడ బాగుంటుందని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే చోటు. కొత్తపట్నం రోడ్డు మీద, సముద్రం ఇంకొంచెం దూరంలో ఉందనగా, ఇసుక నేలలో ఒక తాటితోపు వస్తుంది. ఆ తోపులో తాటాకు పాక. బోర్డు లేదు, పేరు లేదు. చాలా ఏళ్ళుగా సీజను మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా పోతూనే ఉన్నాను కాబట్టి అక్కడి మంచీ చెడూ రెండూ తెలుసు. ఆ పాక గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉంది: చెట్టెక్కి లొట్టి, అంటే కల్లు పట్టే కుండ, దించినాయనే మన ముంతలో పోస్తాడు. మధ్యలో ఇంకో చెయ్యి లేదు.

అదంత పెద్ద విషయమా అని అడిగేవాళ్ళకి కల్లు సంగతి కొంచెం చెప్పాలి. బీరుకైతే బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రసాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపాలి. ఆపైన వారాలు ఆగాలి. తాటికల్లులో మనిషి కలిపేది ఏమీ లేదు. గెల (తాటిచెట్టు పూత కాడ) నుంచి కారే రసంలో పది పన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది. గాల్లో ఉన్న ఈస్టు, గెలకు అంటిన ఈస్టు, లొట్టి అడుగున నిన్నటి నుంచి మిగిలిన ఈస్టు అన్నీ కలిసి, మొదటి చుక్క పడగానే పని మొదలుపెట్టేస్తాయి. సాయంత్రం కట్టిన లొట్టి తెల్లారి దించేసరికే సగం పులిసి ఉంటుంది. పొద్దున్నే తాగితే తీపి ముందుంటుంది. పదింటికి తీపీ పులుపూ సరిసమానంగా, నాలుక మీద చురుక్కుమంటుంది, నాకు ఇష్టమైన వేళ అదే. మధ్యాహ్నం దాటితే ఘాటు. సాయంత్రానికి ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది, అంటే మామూలు బీరంత. మర్నాటికి పులుపు ముదిరి వెనిగర్ దారి పడుతుంది. అందుకే కల్లుకి బ్రాండు ఉండదు, వేళ ఉంటుంది. ఆ వేళ ఎంతో నిజంగా తెలిసేది దించిన మనిషికే.

ఇక్కడ గీసే పెద్దాయన్ని అందరూ మామా అనే పిలుస్తారు. ఒకసారి ఎండ బాగా ఎక్కాక, మూడింటికి పోయాను. పాకలో లొట్టి ఉంది, నా చేతిలో డబ్బులున్నాయి, అయినా పోయలేదు.

"ఇప్పుడొద్దబ్బాయ్. పులుపెక్కింది, తలకాయ పట్టుకుంటది. రేపు తెల్లారగట్ల రా, మంచిది పోస్తా."

అమ్ముడుపోకుండా మిగిలిన సరుకుని తాగొద్దని చెప్పి పంపే దుకాణదారుణ్ణి ఇంకో వ్యాపారంలో నేను చూడలేదు. ఆ రోజు నుంచీ ఆ పాక మీద నాకు గురి కుదిరింది.

పొద్దున్నే పోతే ఆయన పని చూడొచ్చు. నడుముకి మోకు, కాళ్ళకి బందం, వెనక ఒరలో కత్తి. పైకి పోయాక లొట్టి దించడం ఒక్క నిమిషం పని. అసలు పని గెల కొస గీయడం. ఆకు మందాన ఒక్క పొర, అంతే. మందంగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది. ఒక్కరోజు గీయకపోతే కొస ఎండిపోయి రసం రావడం ఆగిపోతుంది. అందుకే పండగైనా జ్వరమైనా రెండు పూటలా ఎక్కాల్సిందే. కిందికి దిగాక లొట్టిని పలచటి గుడ్డలో వడకడతాడు. చీమలూ తేనెటీగలూ గుడ్డలోనే ఉండిపోతాయి. ఆ తర్వాత కుదపకుండా, మడ్డి అడుగునే నిలిచేలా, నెమ్మదిగా ఒక పక్కకు వంచి ముంతలో పోస్తాడు. పైన తెల్లటి నురుగు లేస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని వినిపిస్తుంది. ఆ నురుగు తగ్గేదాకా ఆగి తాగాలి. తొందరపడి గుటకేస్తే కడుపుబ్బరం.

సీజను సంక్రాంతి దాటాక ఊపందుకుంటుంది. ముందు పోతుతాళ్ళు, అంటే మగ చెట్లు. ఎండలు ముదిరాక పండుతాళ్ళు, అంటే కాయలు కాసే ఆడ చెట్లు. నా నాలుకకైతే పోతుతాడు కల్లు తేలిగ్గా, పండుతాడు కల్లు కాస్త చిక్కగా అనిపిస్తుంది. ఏది పోతుతాడో ఏది పండుతాడో చెట్టు పూతకొచ్చేదాకా ఎవరూ చెప్పలేరు, ఆ పూత రావడానికి పన్నెండేళ్ళు పైనే పడుతుంది. గీసిన గెలలో ముంజలు చేతికి రావు. అందుకే మామ పండుతాళ్ళలో కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో పోతే కల్లుతోపాటు లేత ముంజలూ దొరుకుతాయి. తాగని వాళ్ళను వెంట తీసుకెళ్ళడానికి అదే మంచి కాలం.

తాగని వాళ్ళకి ఇంకోటి కూడా ఉంది. ముందురోజు చెప్పి పెడితే ఒక లొట్టికి లోపల సున్నం పూసి కడతాడు. సున్నం ఉంటే రసం పులియదు, అది నీరా. మా ఆవిడ, పిల్లలు తాగేది అదే. బాగా తియ్యగా ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం చూసుకోవాలి.

తినడానికి అత్త, అంటే మామ ఇల్లాలు, చేసిందే. శనగ గుగ్గిళ్ళు రోజూ ఉంటాయి. పడవలు వచ్చిన రోజైతే నెత్తళ్ళ వేపుడు. నెత్తళ్ళని ఉప్పు, కారం, పసుపు తప్ప ఇంకేమీ లేకుండా పెనం మీద కరకరలాడేలా వేపుతుంది. పదిన్నర కల్లుకి దాన్ని మించిన జోడీ లేదని నా గట్టి అభిప్రాయం. మిరపకాయ బజ్జీలు మాత్రం నాకు నచ్చలేదు. నూనె మారదు.

రేటు బీరు సీసా ధరలో సగం కూడా ఉండదు. ఇన్నేళ్ళలో పెరిగింది, అయినా న్యాయమే.

లోపాలు దాచను. బాత్రూము లేదు. ఆదివారం పది దాటితే కూర్చోడానికి చోటుండదు, ముంతలు ఒకే బకెట్టు నీళ్ళలో కడుగుతారు. నేను ఇంటినుంచి స్టీలు గ్లాసు తీసుకెళతాను, లేదంటే తాటాకు దొన్నె అడుగుతాను. అడిగితే అప్పటికప్పుడు కట్టిస్తారు, దాన్లో తాగితే రుచి కూడా బాగుంటుంది. ఈగల బాధ ఉంది. ఆడవాళ్ళు కూర్చోడానికి వేరే చోటు లేదు. తోపులో ఇంకో చెట్టు కింద నులకమంచం వేస్తారు గానీ, ఆదివారం అక్కడ కూడా ఇబ్బందే. కుటుంబంతో అయితే మామూలు రోజే పోవాలి.

హైవే పక్కన సీసాల్లో పోసి అమ్మే చోట్లు కూడా చూశాను కాబట్టి తేడా చెబుతాను. ఒకచోట మధ్యాహ్నం రెండింటికి తాగితే కల్లు తియ్యగా ఉంది. సున్నం లేని కల్లు ఆ వేళకి తియ్యగా ఉండదు. నీళ్ళు పోసి, ఏ శాకరినో కలిపితేనే అట్లా ఉంటుంది. అంతకంటే ప్రమాదం మత్తు కోసం కలిపే మందులు. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన కల్తీ కల్లుని అధికారులు పట్టుకున్న వార్తలు చాలాసార్లు చదివాం. వాటికి అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా వస్తాయి. రెండు ముంతలకే కళ్ళు మూతలు పడుతుంటే అది కల్లు మత్తు కాదు. అక్కడి నుంచి లేచి రావాలి.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో తాగే దాని గురించి రాసేవాళ్ళు దూబగుంటని తలవకుండా రాయకూడదని నేను అనుకుంటాను. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ ఊళ్ళో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరికీ పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. సారా కాచి దింపేది, కల్లు చెట్టు ఇచ్చేది, రెండిటికీ ఘాటులో చాలా తేడా ఉంది. కానీ కూలి డబ్బులు ఇంటికి చేరని ఆడమనిషికి ఆ తేడాతో పనేముంది? ఈ పాకలో అరువు లేదు. కూలికి పోయొచ్చి సాయంత్రం ఒక్కడే కూర్చున్నవాడికి మామ రెండు ముంతల మీద పోయడు. వాడు గొడవపడితే అత్త బయటికొచ్చి "ఇంటికి పో నాయనా, పిల్లలు చూస్తా ఉంటారు" అంటుంది. గొడవ అక్కడితో ఆగిపోవడం నేను చూశాను. ఈ పాకకి నేను నూటికి నూరు మార్కులు వేసేది ఇక్కడే.

చెన్నైలో ఉండే నా స్నేహితుడు ఊరికొస్తే ముందు ఇక్కడికే తీసుకెళ్ళమంటాడు. తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం. అక్కడ తాటిచెట్టు రాష్ట్ర వృక్షం కూడా. మనకి ఇంకా దొరుకుతోందంటే అది ఎక్కే మనిషి ఉన్నాడు కాబట్టే. మామ కొడుకులిద్దరూ చెట్టెక్కరు. వాళ్ళని తప్పుపట్టలేను, మోకు తెగినా కాలు జారినా పోయేది ప్రాణమే. ఈమధ్య మన రాష్ట్రంలో మద్యం దుకాణాల్లో 10 శాతం కల్లు గీత కులాలకి కేటాయించారు. చిన్నవాడు దానికి దరఖాస్తు పెడదామన్నాడట. మంచిదే, ఆ కుటుంబాలకి రావాల్సిందే. తోపులో చెట్లకీ మామ వయసుకీ మాత్రం దాంతో పని జరగదు. చుట్టూ రొయ్యల చెరువులు వస్తున్నాయి. పక్క తోపులో కొట్టేసిన తాళ్ళు మళ్ళీ పూతకొచ్చే వయసుకి ఎదగాలంటే ఇంకో తరం కావాలి. తాగేవాళ్ళం మనం చేయగలిగింది, బేరమాడకుండా అడిగినంత ఇవ్వడం.

పోవాలనుకునేవాళ్ళు ఫిబ్రవరి నుంచి మే మధ్యలో, మామూలు రోజు, పొద్దున తొమ్మిది పదకొండు మధ్య పోండి. నీరా కావాలంటే ముందురోజు సాయంత్రమే పోయి చెప్పి రావాలి, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకోరు. క్యాను తీసుకెళ్ళి కట్టించుకుంటే మూత బిగించొద్దు, దారిలోనే గ్యాసుకి పొంగి చిమ్ముతుంది. బండి నడిపేవాడు ముంత ముట్టుకోకూడదు, ఆ రోడ్డులో చేపల లారీలు, ఆటోలు ఆగకుండా తిరుగుతుంటాయి. మేం ఇప్పుడు ఒంగోలు నుంచి ఆటో మాట్లాడుకునే పోతున్నాం, డ్రైవరు గుగ్గిళ్ళు, ముంజలు తింటాడు.