మాండొలిన్‌కు మెత్తటి నాదం: నేపుల్స్‌, వియన్నాల్లో తీగల వేట

ముందే చెప్పేస్తాను. మాండొలిన్ వినాలంటే ఇటలీలోని నేపుల్స్ వెళ్లండి, తీగలు కొనాలంటే ఆస్ట్రియాలోని వియన్నా వెళ్లండి. రెండూ ఒకే ప్రయాణంలో కుదిరితే నేపుల్స్‌తో మొదలుపెట్టండి. అక్కడి మోత చెవుల్లో ఉండగా వియన్నా చేరితే, మెత్తటి నాదం అంటే ఏమిటో తేడా చప్పున తెలుస్తుంది.

మన దగ్గర మాండొలిన్ అనగానే పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారే గుర్తొస్తారు. ఆయన వాయించింది ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్. నాది మామూలు అకౌస్టిక్, నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. ఎఫ్-హోల్స్ (ఎఫ్ ఆకారపు రంధ్రాలు) ఉన్న చెక్కుడు పలక, అంటే చెక్కి మలిచిన పైపలక కావడంతో నాదం బాగా ముందుకు దూకుతుంది. బృందంలో వాయిస్తే హాయిగా వినిపిస్తుంది కానీ, రాత్రి గదిలో ఒక్కడినే కూర్చుని నెమ్మదైన రాగం అందుకుంటే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ పదును తగ్గించే తీగలు ఎక్కడ దొరుకుతాయా అన్నదే ఈ ప్రయాణానికి సాకు. సాకు అనే అంటున్నాను, ఎందుకంటే తీగలు ఇంట్లో కూర్చుని తెప్పించుకోవచ్చు. వాటిని రకరకాల వాయిద్యాల మీద, తెలిసినవాళ్ల చేతుల్లో వినడం మాత్రం ఇంట్లో కుదరదు.

నేపుల్స్‌లో బస గురించి రెండు మాటలు. పెద్ద స్టేషన్ దగ్గర హోటళ్లు చవక, రైలుకు అనుకూలం. కానీ మనకు కావలసినవన్నీ పాత ఊళ్లో, శాన్ డొమెనికో మజోరె కూడలి చుట్టుపక్కలే ఉన్నాయి. నేను అక్కడే పాత భవనంలో ఒక గది తీసుకున్నాను. ఎత్తైన పైకప్పు, నేలంతా టైల్స్, మంచం పక్కన రెండడుగుల జాగా. లిఫ్టు ఉందని రాశారు, ఉంది కూడా. నాణెం వేస్తేనే కదులుతుందన్న సంగతి మాత్రం రాయలేదు. ఆ ఊళ్లో పాత భవనాల్లో కొన్నిచోట్ల అది మామూలేనట, చిల్లర దగ్గర పెట్టుకోండి. వీధి వైపు గది అయితే అర్ధరాత్రి దాటినా స్కూటర్ల మోత ఆగదు. బుక్ చేసేటప్పుడే లోపలి వసారా వైపు గది అడగండి. స్టేషన్ నుంచి మెట్రో ఒకటో లైన్‌లో దాంతె స్టేషన్ దాకా వస్తే, అక్కణ్ణుంచి నడకే.

కలాచే వారి పనిశాల ఆ కూడలి పక్కనే, సాన్ సెవెరో భవనంలో ఉంది. రాఫాయెలె కలాచే (1863–1934) మాండొలిన్ తయారు చేయడంలోనే కాదు, వాయించడంలోనూ, స్వరరచనలోనూ పెద్ద పేరు. 1920లలో జపాన్ దాకా వెళ్లి కచేరీలు చేశారు. ఇప్పటికీ ఆ కుటుంబమే పని నడుపుతోంది. అది మ్యూజియం కాదు, పని జరిగే చోటు. ముందుగా మెయిల్ పెట్టి, వాళ్ల వీలు చూసుకుని వెళ్లడం మర్యాద. చెక్కపొట్టు, జిగురు వాసనల మధ్య, పుచ్చకాయ చారల్లా పక్కపక్కన అతికిన సన్నటి బద్దల గుండ్రటి వీపును దగ్గర నుంచి చూడటానికే వెళ్లొచ్చు. ఇక్కడిదాకా వచ్చి పక్కనే ఉన్న సాన్‌సెవెరో ప్రార్థనాలయంలోని పాలరాతి క్రీస్తును చూడకుండా పోతే బాగుండదు. మంగళవారం సెలవు, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

నాకు ఇక్కడ తెలిసిన అసలు విషయం వేరు. పాత ఇటాలియన్ మాండొలిన్ అంటే తేనెలాంటి నాదం అని చాలామంది అనుకుంటారు. నేపుల్స్ నాదం అలా ఉండదు. వెండిలా గలగలమంటుంది. సన్నటి తీగలు, తీగ మీటే మొనదేలిన పిక్, ఆగని ట్రెమొలో (ఒకే స్వరాన్ని వేగంగా పదే పదే మీటడం) కలిసి గాలిలో మెరిసే నాదం అది. బాగుంటుంది, నేను వెతుకుతున్నది మాత్రం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి మాండొలిన్‌కు మొదటి జత పేగు తీగ, మిగతావి ఎక్కువగా ఇత్తడివి. ఉక్కు తీగల బిగువుకు తట్టుకునేలా వాయిద్యాన్ని మార్చింది 1830లలో పాస్కాలె వినాచ్చా అని చెబుతారు. అలా మారాక కూడా ఈ గుండ్రటి వీపు వాయిద్యాలు సున్నితమే. ఎవరి దగ్గరైనా పాత ఇటాలియన్ మాండొలిన్ ఉంటే దయచేసి మీడియం సెట్ ఎక్కించకండి. 0.010 అంగుళం లేదా అంతకన్నా సన్నటి మొదటి తీగతో వచ్చే లైట్ సెట్లే దానికి క్షేమం. బరువైన సెట్ వేస్తే పలక కుంగుతుంది, మెడ లేస్తుంది.

సంగీత కళాశాల దగ్గరి శాన్ సెబాస్టియానో వీధిలో వాయిద్యాల దుకాణాలు వరసగా ఉంటాయి. సేవ దుకాణాన్ని బట్టి ఉంటుంది. ఒకచోట గోడకున్న మాండొలిన్ ముట్టుకుంటేనే చిరాకుపడ్డారు. పక్క దుకాణంలో పెద్దాయన మాత్రం నా వాయిద్యం తీసుకుని, మాటామంతీ లేకుండా పిక్‌ను వేలి పలక (వేళ్లతో తీగ నొక్కే భాగం) చివరకు జరిపి నాలుగు స్వరాలు వాయించారు. ఆ పాత తీగలే సగం మెత్తబడ్డాయి! తర్వాత పలక మీద తీగలను మోసే బ్రిడ్జి దగ్గర వాయించి, మళ్లీ జరిపి, నా వైపు చూసి నవ్వారు. తీగ మధ్యకు దగ్గరగా మీటే కొద్దీ పై స్వరాంశాలు తగ్గుతాయి, మూలస్వరం నిండుగా వస్తుంది. డబ్బు ఖర్చులేని మార్పు ఇదొక్కటే. ఆయన దగ్గర లైట్ సెట్ ఒకటి కొన్నాను, ఊరికే వచ్చేయడం బాగోదని.

నేపుల్స్ నుంచి రోమ్‌కు వేగం రైలు, రోమ్ నుంచి వియన్నాకు రాత్రి రైలు. కొంచెం ఎక్కువైనా స్లీపర్ (తక్కువమంది ఉండే పడక గది) తీసుకోండి, కుషెట్ అనే బెర్తుల గదిలో ఆరుగురితో వాయిద్యానికి చోటు వెతకడం టెన్షన్. పెట్టెను తల వైపు గోడకు ఆనించి, తీగలను అర స్వరం దించి పడుకున్నాను. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి. గాలి ఎండిపోతే పలక కొద్దిగా దిగి, తీగలు ఫ్రెట్లకు (వేలి పలక మీది లోహపు మెట్లకు) దగ్గరై గరగరమంటాయి. అది చూసి తీగలు బాగోలేవనుకుంటాం.

వియన్నా ఐదో డిస్ట్రిక్ట్ మార్గరేటెన్‌లో థొమాస్టిక్-ఇన్ఫెల్డ్ ఉంది, 1919లో మొదలైన తీగల సంస్థ. వయొలిన్ వాళ్లకు కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఫ్యాక్టరీ చూసేద్దామని వెళ్లేరు, అది పర్యాటక స్థలం కాదు. తీగలు ఊళ్లోని సంగీత దుకాణాల్లో దొరుకుతాయి. ఆదివారం అన్నీ మూసే ఉంటాయి కాబట్టి శనివారం మధ్యాహ్నానికే పని పూర్తి చేసుకోండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో క్లాసికల్ మాండొలిన్ వాళ్లు ఎక్కువగా వాడేది ఈ సంస్థ 154 నంబరు సెట్టే. వాళ్ల వాయిద్యం వీపు వెడల్పు, లోతు ఎక్కువ, పిక్ మందం, ఆపైన ఫ్లాట్‌వౌండ్ (చదునైన చుట్టు) తీగలు. గుండ్రటి నాదం ఈ మూడూ కలిస్తే వచ్చేది. తీగల పాలు ఎంతో తెలుసుకోవాలనే నేను మిగతా రెండూ మార్చకుండా తీగలొక్కటే మార్చాను.

గదిలో బల్ల మీద తువ్వాలు పరిచి కూర్చున్నాను. ఫ్లాట్‌వౌండ్ అంటే మధ్య తీగ చుట్టూ గుండ్రటి వైరు కాక, చదునైన సన్నటి రిబ్బన్ చుడతారు. గోరుతో గీస్తే మామూలు తీగ జర్‌మంటుంది, ఇది నునుపుగా జారిపోతుంది. ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మిగిలిన కొసను కత్తిరించే ముందు తీగను మడతపెట్టి, ఆ మడత అవతల కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే రిబ్బన్ చుట్టు వదులైపోయి తీగ మూగబోతుంది. ఇంకోటి, ఎనిమిదీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి జరిగిపోతుంది, ఒక్కొక్కటిగా మార్చండి.

మొదటి మీటుకే తేడా తెలిసింది. కింది స్వరాల రెండు జతలు, జి, డి, లావుగా, నిదానంగా పలికాయి. వేలు జారితే వచ్చే కీచు లేదు, గమకం లాగుతుంటే హాయిగా ఉంది. కానీ శబ్దం కొంత తగ్గింది, ఆ తళుకు పోయింది. బృందంలో వాయించేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. పైగా మామూలు సెట్ కన్నా ఖరీదు బాగా ఎక్కువ. ఊరట ఏమిటంటే చెమట, మురికి ఇరుక్కునే సందులు తక్కువ కనుక చాలాకాలం ఒకేలా పలుకుతాయి.

అయితే ఆ గది నన్ను కొంత మాయ చేసిందని అనుమానం. మందపాటి కార్పెట్, బరువైన పరదాలు. నేపుల్స్ టైల్స్ గదిలో విన్నదానితో ఇక్కడ విన్నదాన్ని పోల్చడం న్యాయం కాదు. అందుకే మెట్ల దగ్గరి రాతి వసారాలోకి వెళ్లి మళ్లీ వాయించాను. అక్కడా మెత్తగానే ఉంది, గదిలో అనిపించినంత కాదు. పగలే వాయించుకోండి, రాత్రి పది తర్వాత అక్కడ నిశ్శబ్దం పాటించాల్సిందే. నా బసలో ఆ విషయంలో ఒక నోటీసు తలుపు మీదే ఉంది. గది చిన్నదే అయినా నిద్ర పట్టిందంటే ఆ నియమం పుణ్యమే.

హెల్డెన్‌ప్లాట్స్‌లోని నోయె బుర్గ్ భవనంలో పాత వాయిద్యాల సంగ్రహం ఉంది, తీరికగా చూడండి. సాయంత్రం మ్యూజిక్‌ఫెరైన్‌లో నిలబడి వినే చోటు తీసుకుంటే తక్కువలో అయిపోతుంది. 1870లో కట్టిన ఆ బంగారు హాల్లో తీగ వాయిద్యాలు ఎంత నిండుగా వినిపిస్తాయో చెప్పలేను, కాళ్లు మాత్రం నొప్పెడతాయి.

అంత డబ్బు ఫ్లాట్‌వౌండ్ మీద పెట్టడం ఇష్టం లేనివాళ్లు ముందు ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) చుట్టున్న సెట్ చూడండి. 80/20 బ్రాంజ్ అనే మరో రకం చుట్టు కన్నా పదును తక్కువ. గేజ్ (తీగ మందం) కూడా గమనించండి. డాడారియో కంపెనీ ఈజె74 మీడియం సెట్ 0.011 నుంచి 0.040 అంగుళం దాకా ఉంటుంది, ఈజె73 లైట్ 0.010 నుంచి 0.038. లైట్ వేస్తే చేతికి తేలికే కానీ, చెక్కుడు పలక వాయిద్యాల మీద కొంచెం పలచగా పలకవచ్చు. సిల్క్ అండ్ బ్రాంజ్ సెట్లలో మధ్య తీగకూ చుట్టుకూ నడుమ పట్టు దారం ఉంటుంది, బిగువు తక్కువ, నాదం మరీ మెత్తన. ఏ సెట్ వేసినా అన్నిటికన్నా పై స్వరం పలికే ఇ జత మాత్రం చుట్టు లేని ఒట్టి ఉక్కు తీగే, అక్కడి పదును తగ్గేది మందమైన, గుండ్రటి అంచు పిక్‌తోనే. బ్రిడ్జికీ, తీగల కొసలు తగిలించే టెయిల్‌పీస్‌కూ మధ్య మిగిలిన తీగ ముక్కల్లో చిన్న తోలు పట్టీ అల్లితే గింగురుమనడం కూడా ఆగుతుంది. తెగేది ఎప్పుడూ ఆ ఇ తీగే కాబట్టి, వియన్నా దుకాణంలో సెట్‌తోపాటు విడి ఇ తీగలు నాలుగైదు అడిగి తీసుకోండి. కత్తెర లాంటివి మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వేసేయండి, చేతి సామానులో ఉంటే విమానాశ్రయ సెక్యూరిటీ దగ్గర ఆపవచ్చు.