క్లిక్కర్లా, ప్లిక్కర్స్ కార్డులా?

క్లాసులో ఎ, బి, సి, డి ప్రశ్న అడిగి అందరి జవాబులూ ఒకేసారి తీసుకోవడానికి రెండు దారులు: బటన్లున్న రిమోట్లు (క్లిక్కర్లు), టీచర్ ఫోను కెమెరా చదివే కాగితం కార్డులు (ప్లిక్కర్స్).

ఖర్చు: క్లిక్కర్లంటే పిల్లవాడికొక రిమోట్, ల్యాప్‌టాప్‌కి రిసీవర్, ఆపైన బ్యాటరీలు. ప్లిక్కర్స్‌కి ప్రింటు ఖర్చు, టీచర్ ఫోను, నెట్టు.

శ్రమ: క్లిక్కర్లో బటన్ నొక్కితే సరి, పంచి, లెక్కపెట్టి తీసుకోవడమే తలనొప్పి. కార్డుకు నాలుగు వైపులా ఎ, బి, సి, డి ఉంటాయి. జవాబు అక్షరం పైకొచ్చేలా పట్టుకుంటే, టీచర్ కెమెరాను గదంతా తిప్పితే చాలు. ఏ కార్డు మీది నల్ల గుర్తు దానిదే, పక్కోడిది చూసి కొట్టడం కష్టం.

చిక్కు: వేలు నల్ల గుర్తు మీద పడితే కెమెరా చదవదు. మెరిసే లామినేషన్ అసలొద్దు, కిటికీ వెలుగుకి గుర్తు తెల్లబోతుంది. వెనక బెంచీలకు పెద్ద సైజు కార్డులివ్వండి.

చిత్తూరు పల్లె హైస్కూల్లో నలభై మందికి కార్డులే మేలు. తిరుపతి కాలేజీల్లో వంద దాటిన హాలుకైతే క్లిక్కర్లు.